బేలర్ ముడి తప్పుతోందా? నాటర్ ఏ వరుసలో చెక్ చేసుకోవాలో పూర్తి గైడ్

కోతలు మొదలైతే చాలు, బేలర్ (గడ్డిని కట్టలు కట్టే మిషన్) ఉన్నవాళ్ళ నుంచి ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది, "అన్నా నాటర్ ముడి వెయ్యట్లేదు, ఏ బోల్ట్ తిప్పాలి?" అని. నాటర్ అంటే బేలర్ లో దారానికి ముడి వేసే భాగం. బోల్ట్ పేరు చెప్పడం రెండు నిమిషాల పని, కానీ అలా చెప్తే మీకే నష్టం. ముడి తప్పడానికి దారం దగ్గర్నుంచి సూది దాకా పది కారణాలుంటాయి, ఏది తప్పిందో తెలీకుండా స్పానర్ పెడితే బాగున్న సెట్టింగ్ కూడా పాడైపోయి చివరికి అసలు కారణం ఎక్కడుందో దొరకదు.

అందుకే ఇక్కడ చెప్పేది ఒక వరుస. ముందు తెగిన దారం చూడండి, తర్వాత మిషన్ చేత్తో తిప్పి చూడండి, అప్పుడే స్పానర్ పట్టుకోండి.

ఇది చిన్న చదరపు కట్టల బేలర్ కోసం, అంటే దాదాపు 14 అంగుళాలు ఇంటూ 18 అంగుళాల కట్ట, రెండు దారాలు, రెండు నాటర్లు ఉండే మిషన్. గుండ్రటి కట్టలు చేసే రౌండ్ బేలర్ లో దారం చుట్టి కోస్తుందంతే, ముడి వెయ్యదు, కాబట్టి ఆ మిషన్ ఉన్నవాళ్ళకి ఇందులో చెయ్యి పెట్టే ముందు జాగ్రత్తలు, దారం గురించి రాసింది తప్ప మిగతాది పనికిరాదు.

1. చెయ్యి పెట్టే ముందు

ఇది దాటేసి కిందకి వెళ్ళొద్దు. నాటర్ లో చెయ్యి పెట్టాలన్నా, ఇరుక్కున్న దారం ముక్క లాగాలన్నా, "ఒక్క సెకనే కదా" అనుకున్నా సరే ఈ నాలుగూ చెయ్యాల్సిందే.

- పీటీవో (ట్రాక్టర్ నుంచి బేలర్ ని తిప్పే షాఫ్ట్) ఆఫ్, ట్రాక్టర్ ఇంజిన్ ఆఫ్, తాళం చెవి మీ జేబులో. డ్రైవర్ జేబులో కాదు, మీ జేబులో.
- ఫ్లైవీల్ (మిషన్ కి ఊపిచ్చే బరువైన చక్రం) పూర్తిగా ఆగేదాకా ఆగండి. పీటీవో తీసేశాక కూడా అది బరువు మీద చాలాసేపు తిరుగుతుంది, దాంతోపాటు ప్లంజర్ (గడ్డిని తోసి నొక్కే భాగం) కూడా కదులుతుంది.
- పీటీవో షాఫ్ట్ ని ట్రాక్టర్ నుంచి విప్పేయండి.
- గడ్డి గదిలో (కట్ట తయారయ్యే చోటు), సూదుల కింద ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఫ్లైవీల్ చేత్తో తిప్పుతున్నప్పుడు కూడా సూదులు బలంగానే పైకొస్తాయి.

ఇద్దరు కలిసి పని చేస్తుంటే తిప్పేవాడు "తిప్పుతున్నా" అని గట్టిగా చెప్పి, అవతలివాడు "ఊ" అన్నాకే తిప్పాలి. ఇంకో మాట, నాటర్ మీద కత్తి ఉంటుంది, మిషన్ ఆగి ఉన్నా వేలు కోసుకుపోతుంది.

2. ముడి ఎలా పడుతుందో ఒక్కసారి మనసులో పెట్టుకోండి

ఇది తెలిస్తే సగం సమస్య మీరే చెప్పేస్తారు, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

దారం పెట్టెలోంచి బయల్దేరి, బిగువు పెట్టే స్ప్రింగ్ ప్లేటు గుండా వచ్చి, సూది కంట్లోంచి దూరి పైకి వెళ్తుంది. దాని కొసని పైన ట్వైన్ డిస్క్ గాడిలో హోల్డర్ అనే పట్టీ నొక్కి పట్టుకుని ఉంటుంది. ప్లంజర్ గడ్డిని తోసేకొద్దీ కట్ట ఆ దారాన్ని వెనక్కి తీసుకుపోతుంది, అంటే దారం కట్ట పైన, వెనక, కింద చుట్టుకుంటూ ఉంటుంది. పైన డిస్క్ పట్టుకున్న భాగాన్ని ఇక్కడ పై పోగు అంటాను.

కట్ట పొడవు సరిపోయాక స్టార్ వీల్ (గడ్డి కదిలేకొద్దీ తిరిగి పొడవు కొలిచే పళ్ళ చక్రం) ట్రిప్ చేస్తుంది, అంటే ముడి వేసే పని మొదలుపెట్టిస్తుంది, క్లచ్ పడుతుంది, సూదులు కింద నుంచి లేస్తాయి. సూది తెచ్చేది రెండో పోగు, దాన్ని సూది పోగు అందాం. ట్వైన్ ఫింగర్ ఆ పోగుని పక్కకి జరిపి బిల్‌హుక్ మీద సరైన చోట పడేలా చూస్తుంది, డిస్క్ తిరిగి ఈ పోగుని కూడా పట్టుకుంటుంది.

ఇప్పుడు కొంగ ముక్కులా ఉండే బిల్‌హుక్ ఒక చుట్టు తిరుగుతుంది. తిరుగుతూ రెండు పోగుల్నీ తన మీద చుట్టుకుని, చివర్లో నోరు తెరిచి, నాలుకతో రెండు పోగుల్నీ కరిచి పట్టుకుంటుంది. బిల్‌హుక్ కి డిస్క్ కి మధ్య కత్తి కోస్తుంది. తర్వాత స్ట్రిప్పర్ చెయ్యి వచ్చి బిల్‌హుక్ మీదున్న చుట్టుని తుడిచినట్టు కిందకి తోస్తుంది, చుట్టు జారి నాలుక పట్టుకున్న కొసల మీదుగా వచ్చేస్తుంది, అదే ముడి. చాలా మోడళ్ళలో ఆ కత్తి కూడా స్ట్రిప్పర్ చేతికే బిగించి ఉంటుంది. సూదులు కిందకి దిగిపోతాయి, కొత్త దారం కొస డిస్క్ లోనే ఉండి తర్వాతి కట్టకి రెడీగా ఉంటుంది.

ఇదంతా ప్లంజర్ ఒక్కసారి ముందుకీ వెనక్కీ వెళ్ళే టైంలోనే అయిపోతుంది. ప్లంజర్ నిమిషానికి 80 నుంచి 100 సార్లు కొట్టే మిషన్లో అంటే సెకను కూడా ఉండదు, కంటితో చూసి పట్టుకోలేరు, అందుకే చేత్తో తిప్పి చూడమనేది.

3. స్పానర్ తియ్యకముందు దారం సంగతి చూడండి

ఎక్కువ మంది దాటేసేది ఇదే. దారం బాగోకపోతే ఎంత మంచి నాటర్ అయినా ముడి వెయ్యలేదు.

దారం ఉండ మీద కిలోకి ఎన్ని మీటర్లో రాసి ఉంటుంది. ఆ నంబర్ ఎంత పెద్దదైతే దారం అంత సన్నం. పోయినేడు ఒక రకం, ఈ ఏడు రేటు తక్కువని ఇంకో రకం వేస్తే హోల్డర్ బిగువు, నాలుక బిగువు రెండూ మళ్ళీ చూసుకోవాల్సిందే. నార దారం గరుగ్గా, లావుగా ఉంటుంది, ప్లాస్టిక్ దారం నున్నగా జారుతుంది, కాబట్టి నార దారానికి సెట్ చేసిన హోల్డర్ లోంచి ప్లాస్టిక్ దారం మెల్లగా జారిపోతుంది. మిషన్ పాడైందనుకుని మెకానిక్ ని పిలిచే కేసుల్లో కొన్ని ఇవే.

దారం చెక్‌లిస్ట్:

- ఉండ లోపలి కొస నుంచే దారం రావాలి. బయటి కొస నుంచి లాగితే ఉండ దొర్లుతూ చిక్కు పడుతుంది.
- మొదటి ఉండ బయటి కొసని రెండో ఉండ లోపలి కొసకి కలపాలి. ముడి చిన్నగా, గట్టిగా ఉండాలి, మిగిలిన తోకలు కత్తిరించెయ్యాలి. పెద్ద ముడైతే సూది కంట్లోనో గైడ్ లోనో తట్టుకుంటుంది.
- రెండు దారాలు ఒకదాని మీద ఒకటి దాటకుండా ఏ దారి దానికే ఉండాలి.
- గైడ్ల రంధ్రాలు వేలితో తడిమి చూడండి. ఏళ్ళ తరబడి దారం రాసుకుని ఇనుములో గాడి పడి అంచు పదునెక్కుతుంది, అది దారాన్ని కొంచెం కొంచెం గీకేస్తుంది. అలాంటి గైడ్ మార్చెయ్యడమే.
- పెట్టె మూత పడాలి. మంచుకి, వానకి తడిసిన నార దారం ఉబ్బుతుంది, ఎండితే బిరుసెక్కుతుంది.

ఇంకా పెట్టె దగ్గరి బిగువు. దారాన్ని చేత్తో లాగితే ఒకే బరువుతో, ఆగి ఆగి కాకుండా రావాలి. మరీ వదులుగా ఉంటే సూది పైకి తెచ్చిన పోగు వేలాడుతూ ఉండి ఫింగర్ కి దొరకదు. మరీ బిగువైతే దారం తెగుతుంది లేదా డిస్క్ లోంచి పై పోగు ఊడొస్తుంది. స్ప్రింగ్ ప్లేట్ల మధ్య గడ్డి పొట్టు, దారం పీచు ఇరుక్కుని ఉంటే బిగువు రోజంతా మారిపోతూ ఉంటుంది, పొద్దున బానే కట్టింది మధ్యాహ్నం నుంచి తప్పుతోంది అంటే ముందు అక్కడ ఊది చూడండి.

4. తెగిన దారం ఏం చెప్తోంది

నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. విడిపోయిన కట్ట దగ్గరికి నడిచి వెళ్ళండి, దారం పారెయ్యొద్దు, రెండు కొసలూ చేతిలోకి తీసుకుని చూడండి. ఒక్క కట్ట చాలదు, మూడు నాలుగు విడిపోయిన కట్టల దారాలు తెచ్చి బానెట్ మీద పక్కపక్కన పెట్టుకుంటే ప్రతిసారీ ఒకే రకంగా తప్పుతోందా, వేర్వేరుగానా అనేది తెలిసిపోతుంది. ఎడమ నాటర్, కుడి నాటర్ దారాలు కలిపెయ్యకండి.

సూది పోగులో ముడి ఉంది, పై పోగు ఖాళీగా ఉంది. పై పోగు ముడి పడే టైంకి అక్కడ లేదన్నమాట, డిస్క్ లోంచి జారిపోయింది. ఆ కొస నలిగి, పీచు రేగి కనపడితే ఖాయం. హోల్డర్ వదులు అయ్యుండాలి, లేదా కట్ట మరీ బిగువుగా పెట్టి ఉండాలి, లేదా పెట్టె దగ్గర దారం బిగువు ఎక్కువ.

పై పోగులో ముడి ఉంది, సూది పోగు ఖాళీ. సూది తెచ్చిన పోగు బిల్‌హుక్ కి దొరకలేదు. ఫింగర్ వంగిందా, అరిగిందా, సూది పక్కకి పోయిందా, పెట్టె దగ్గర దారం వదులుగా ఉందా చూడాలి. గడ్డి ముక్కలు ఫింగర్ దారిలో అడ్డం పడినా ఇదే జరుగుతుంది.

రెండు కొసలూ శుభ్రంగా కోసుకుపోయాయి, ముడి లేదు, కానీ కొసలు మెలికలు తిరిగి ఉన్నాయి. బిల్‌హుక్ చుట్టుకుంది గానీ నాలుక గట్టిగా పట్టుకోలేదు, చుట్టు జారేటప్పుడు కొసలు కూడా జారిపోయాయి. నాలుక స్ప్రింగ్ వదులు, లేదా నాలుక అరిగింది.

రెండు కొసలూ కోసుకుపోయాయి, మెలిక కూడా లేదు, తిన్నగా ఉన్నాయి. బిల్‌హుక్ అసలు పోగుల్ని అందుకోలేదు. బిల్‌హుక్ తిరుగుతోందా, దాని గేర్ పిన్ను విరిగిందా, నాలుక తెరుచుకుంటోందా చూడండి.

ముడి పడింది గానీ బిల్‌హుక్ మీదే వేలాడుతోంది, లేదా ముడి దగ్గరే దారం తెగిపోతోంది. నాలుక మరీ బిగువు, లేదా స్ట్రిప్పర్ చెయ్యి బిల్‌హుక్ ని తాకట్లేదు, లేదా బిల్‌హుక్ తుప్పు పట్టి గరుకుగా ఉంది. సీజన్ మొదటి రోజు ఇది వస్తే చాలావరకు తుప్పే అనుకోండి. కొత్త మిషన్లో అయితే బిల్‌హుక్ మీద పెయింట్ ఉండిపోయిందేమో చూడండి.

కొసలు బ్రష్ లాగా రేగిపోయి ఉన్నాయి, కోసినట్టు లేదు. కత్తి మొద్దుబారింది, లేదా హోల్డర్ మరీ బిగువై డిస్క్ అంచు మీదే దారం నలిగి తెగుతోంది. కోత జరగాల్సిన చోటే రేగి ఉంటే కత్తి, డిస్క్ నొక్కిన చోట రేగి ఉంటే హోల్డర్.

ముడి చక్కగా ఉంది, దారం ఇంకెక్కడో తెగింది. నాటర్ జోలికి వెళ్ళొద్దు! కట్ట బిగువు తగ్గించండి, దారం నాణ్యత చూడండి, గదిలో పదును అంచులు ఉన్నాయేమో చూడండి. మంచి ముడి వేస్తున్న నాటర్ ని తిప్పి పాడు చేసుకునేది ఇక్కడే.

5. ఒక నాటరేనా, రెండూనా?

ఒక్క వైపే తప్పుతుంటే ఆ నాటర్, ఆ సూది, ఆ దారం వరకే చూడండి. పక్కన బాగా పని చేసే నాటర్ ఉందిగా, దాన్ని పక్కపక్కన పోల్చుకుంటూ చూస్తే మాన్యువల్ లేకపోయినా తేడా కనపడుతుంది.

ఒక మంచి పరీక్ష ఉంది. రెండు దారాలూ ఒకే కంపెనీవే అయినా పెట్టెలో ఉండలు అటుదిటు మార్చి మళ్ళీ ఎక్కించండి. ఎడమ వైపు తప్పు కుడికి వచ్చేస్తే దోషం దారంలో ఉంది, ఎడమనే ఉండిపోతే నాటర్ లోనో ఆ దారిలోనో ఉంది. ఓ పదిహేను నిమిషాల పని, గంటల తిప్పలు తప్పుతాయి.

రెండూ ఒకేసారి తప్పుతుంటే రెండు నాటర్లూ ఒకే రోజు పాడవ్వడం అరుదు కాబట్టి రెంటికీ ఉమ్మడిగా ఉన్నవి చూడాలి. సూదుల ఫ్రేమ్ వంగడం, టైమింగ్ తప్పడం, నాటర్ షాఫ్ట్ బ్రేక్ వదులవడం, కట్ట మరీ బిగువు, కొత్తగా మార్చిన దారం, పీటీవో స్పీడ్. పీటీవో నిమిషానికి 540 చుట్ల దగ్గర ఉండాలి, డీజిల్ మిగులుతుందని థ్రాటిల్ తగ్గించి నడిపితే ఫ్లైవీల్ కి ఊపు చాలక బరువు పడినప్పుడల్లా మిషన్ కుంగుతుంది, కట్టలు కూడా ఒక్కోటి ఒక్కోలా వస్తాయి.

6. చేత్తో తిప్పి చూసే పద్ధతి

ఒకటో పాయింట్ లో చెప్పినవన్నీ చేశాకే.

1. నాటర్ల మీద పొట్టు, పీచు అంతా ఊదేసి శుభ్రం చెయ్యండి. డిస్క్ గాడుల్లో, హోల్డర్ కింద ఇరుక్కున్న పాత దారం ముక్కలు కొక్కెంతో తియ్యండి. చాలాసార్లు ఇక్కడితోనే సమస్య తీరిపోతుంది.
2. గదిలో కట్ట సగమైనా ఉండాలి, ఖాళీ గదిలో దారానికి బిగువు ఉండదు.
3. ట్రిప్ ఆర్మ్ చేత్తో లేపి క్లచ్ పడేలా చెయ్యండి.
4. ఫ్లైవీల్ ని పనిలో తిరిగే దిశలోనే మెల్లగా తిప్పండి. వెనక్కి తిప్పొద్దు.
5. ప్రతి దశలో ఆపి చూడండి, ఫోన్ లో వీడియో తీసుకుంటే ఇంకా మంచిది, తర్వాత నిదానంగా చూసుకోవచ్చు.

ఏం చూడాలి:

- సూది లేచేటప్పుడు ప్లంజర్ ముఖం దాన్ని దాటి ఉండాలి, సూది ప్లంజర్ గాడిలోంచి వెళ్ళాలి, ఎక్కడా కొట్టుకోకూడదు.
- సూది పోగు డిస్క్ గాడిలో నిండుగా కూర్చుంటోందా?
- ఫింగర్ పోగుని బిల్‌హుక్ మీదకి పూర్తిగా జరుపుతోందా, లేక అంచుల్లో వదిలేస్తోందా?
- బిల్‌హుక్ తిరిగేటప్పుడు నాలుక పూర్తిగా తెరుచుకుంటోందా? నాలుక వెనక ఉండే చిన్న రోలర్ తిరుగుతోందా? ఆ రోలర్ ఒకవైపే అరిగితే నాలుక సగమే తెరుచుకుంటుంది, బయట నుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది.
- కత్తి రెండు పోగుల్నీ ఒకేసారి కోస్తోందా?
- స్ట్రిప్పర్ చెయ్యి బిల్‌హుక్ మడమని రాసుకుంటూ వెళ్తోందా?
- అంతా అయ్యాక సూదులు పూర్తిగా కిందకి, తమ స్థానానికి వచ్చి ఆగుతున్నాయా?

7. సర్దుబాట్లు, ఈ వరుసలోనే

ఒకసారికి ఒకటే మార్చండి, మార్చిన ప్రతిసారీ నాలుగైదు కట్టలు కట్టి చూడండి. తిప్పే ముందు నట్టు మీద, పక్కన మార్కర్ తో గీత పెట్టుకోండి, పాత చోటికి తెచ్చుకోవాలంటే అదే దారి.

7.1 హోల్డర్ బిగువు. పావు చుట్టు చొప్పున మాత్రమే. పై పోగు జారుతుంటే బిగించండి, డిస్క్ దగ్గర దారం నలిగి తెగుతుంటే వదలండి. సరిపోయిందో లేదో చూడ్డానికి డిస్క్ లో ఉన్న కొసని చేత్తో గట్టిగా లాగండి, కదలకూడదు, అలాగని దారం చితికినట్టు కూడా ఉండకూడదు. హోల్డర్ పట్టీ కింద అరిగిపోయి ఉంటే ఎంత బిగించినా పట్టదు, పట్టీ మార్చాల్సిందే.

7.2 నాలుక బిగువు. ఇది ఇంకా సున్నితం, పావు చుట్టు కూడా ఎక్కువే, అందులో సగం సగంగా వెళ్ళండి. వదులైతే ముడి పడకుండా కొసలు జారిపోతాయి, బిగువైతే ముడి బిల్‌హుక్ మీద నుంచి దిగదు. నాలుకని వేలితో పక్కకి కదిపి చూడండి, బాగా ఊగుతుంటే పిన్ను, నాలుక అరిగాయి, స్ప్రింగ్ బిగించి లాభం లేదు.

7.3 బిల్‌హుక్ నునుపు. తుప్పు ఉంటే సన్నటి ఎమరీ పేపర్ తో రుద్ది మెరిసేలా చెయ్యండి. ఆకురాయి, గ్రైండర్ పెట్టొద్దు, ఆకారం మారితే ఇక ఆ బిల్‌హుక్ పనికిరాదు. గాడి పడి ఉంటే కొత్తది వెయ్యండి.

7.4 కత్తి. ఏటవాలు ఉన్న వైపే పదును పెట్టండి, చదునైన వైపు ముట్టుకోవద్దు. దారం ముక్కని ఆనించి కొంచెం లాగితే తెగాలి. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, దుమ్ము కూడా గరుకే, అందుకే మిగతా మేతలతో పోలిస్తే కత్తి, బిల్‌హుక్, గైడ్లు మన దగ్గర తొందరగా అరుగుతాయి. పక్క రాష్ట్రం వాళ్ళో విదేశీ వీడియోలో సీజన్ కి ఒకసారి పదును చాలంటే అది మనకి కుదరదు.

7.5 స్ట్రిప్పర్ చెయ్యి. బిల్‌హుక్ మడమ మీద తేలిగ్గా రాసుకుంటూ వెళ్ళాలి. రాసుకున్న చోట మెరుపు గీత ఉంటుంది, ఆ గీత నిండుగా ఉంటే సరే, ఒక్క మూలే మెరుస్తుంటే చెయ్యి వంగింది. దీన్ని సుత్తితో కొట్టకుండా రాడ్ పెట్టి కొద్దికొద్దిగా వంచాలి, ప్రతిసారీ చేత్తో తిప్పి చూసుకోవాలి. ఎక్కువ వంచితే బిల్‌హుక్ ని గట్టిగా కొట్టి రెంటినీ పాడు చేస్తుంది.

7.6 ఫింగర్, సూది. ఇవి మాత్రం మీ మిషన్ మాన్యువల్ లో ఇచ్చిన గ్యాప్ ప్రకారమే సెట్ చెయ్యండి, కంపెనీకో కొలత ఉంటుంది, ఊహించి పెడితే సూది విరుగుతుంది. వంగిన సూదిని వేడి చేసి సరిచేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది, అది ఎక్కువ రోజులు నిలవదు, విరిగిన ముక్క గదిలో పడితే ఖర్చు పదింతలు.

7.7 డిస్క్ పొజిషన్, గేర్ టైమింగ్. ఇది చిట్టచివర. పైవన్నీ చూశాక కూడా గాడిలో పోగు కూర్చోకపోతేనే దీని జోలికి వెళ్ళాలి. గేర్ల మీద మార్కులుంటాయి, అవి కలవాలి. సూది విరిగినా, షియర్ బోల్ట్ (బరువు ఎక్కువైతే ముందు తానే తెగిపోయే బోల్ట్) తెగినా, గేర్ విప్పి బిగించినా టైమింగ్ ఒకసారి చెక్ చేసుకోండి.

8. ముడి కాదు, అసలు సైకిలే తప్పుతుంటే

కట్ట పొడవు పెరిగిపోతూ ముడి వెయ్యకుండా వెళ్ళిపోతుంటే స్టార్ వీల్ జారుతోంది లేదా క్లచ్ డాగ్ (క్లచ్ ని పట్టించే కొక్కెం) స్ప్రింగ్ విరిగింది. స్టార్ వీల్ పళ్ళ మధ్య గడ్డి చుట్టుకుని ఉంటుంది, తీసెయ్యండి. కట్ట మరీ వదులుగా ఉన్నా వీల్ కి పట్టు దొరకదు.

ప్లంజర్ కొట్టిన ప్రతిసారీ ముడి వేస్తుంటే ట్రిప్ ఆర్మ్ తిరిగి తన చోటికి రావట్లేదు. తుప్పు, ఇరుక్కున్న పొట్టు, స్ప్రింగ్, ఈ మూడే.

ఫ్లైవీల్ షియర్ బోల్ట్ మాటిమాటికీ తెగుతోందా? సూదులు కిందకి పూర్తిగా దిగకుండా గదిలోకి జారుతున్నాయేమో చూడండి. సూదులు గదిలో ఉంటే ప్లంజర్ వాటిని విరగ్గొట్టకుండా ఒక సేఫ్టీ స్టాప్ అడ్డం వస్తుంది, ప్లంజర్ దానికి కొట్టుకుని బోల్ట్ తెగుతుంది. ఎక్కువగా నాటర్ షాఫ్ట్ బ్రేక్ వదులవడం వల్ల, బ్రేక్ లైనింగ్ మీద గ్రీజ్ పడడం వల్ల ఇది వస్తుంది. గ్రీజ్ తుడిచి, బ్రేక్ బిగించండి. దయచేసి ఆ షియర్ బోల్ట్ బదులు గట్టి బోల్ట్ మాత్రం వెయ్యకండి, ఆ బోల్ట్ తెగేదే సూదులు, గేర్లు మిగలడానికి.

9. వరిగడ్డికి ప్రత్యేకంగా

వానాకాలం పంట కోతలప్పుడు పొద్దున్నే మంచు ఉంటుంది, పైన గడ్డి ఎండినట్టే ఉన్నా వరుస కింద పచ్చి ఉంటుంది. తడి గడ్డి గదిలో బాగా బిగుస్తుంది, నిన్న సాయంత్రం పెట్టిన బిగువుతోనే పొద్దున నడిపితే దారం తెగుతుంది లేదా డిస్క్ లోంచి ఊడుతుంది. ఎండ వచ్చాక మొదలుపెట్టండి, తప్పదంటే కట్ట బిగువు తగ్గించి, ఎండెక్కాక మళ్ళీ పెంచుకోండి.

యాసంగిలో దానికి రివర్స్. ఎండకి గడ్డి గలగలలాడుతూ స్ప్రింగ్ లాగా వెనక్కి ఎగురుతుంది. గదిలో గడ్డి వెనక్కి రాకుండా ఆపే డాగ్స్ ఉంటాయి, అవి అరిగినా, స్ప్రింగ్ పోయినా ప్లంజర్ వెనక్కి వెళ్ళగానే గడ్డి సూదుల దారిలోకి పడుతుంది, ఫింగర్ కి అడ్డం వస్తుంది. నాటర్ అంతా బాగున్నా ముడి అప్పుడప్పుడూ తప్పుతుంటే ఇవి చూడండి, చాలామందికి ఇవి ఉన్నట్టే తెలీదు.

హార్వెస్టర్ వెనక పడిన వరుస ఒకచోట కుప్పగా, ఒకచోట పల్చగా ఉంటే కట్టలో ఒకవైపు గడ్డి ఎక్కువ పడి అరటిపండులా వంగిన కట్టలొస్తాయి, వదులున్న వైపు ముడి తప్పుతుంది. బండి స్పీడ్ సర్దుకోండి, లేదా ముందు రేక్ వేసి వరుస సమం చేసుకోండి.

10. ఎక్కువగా చేసే తప్పులు

- ముడి ఒక్కసారి తప్పగానే బోల్ట్ తిప్పడం. వంద కట్టల్లో ఒకటి తప్పితే అది దారంలో అతుకు ముడి కావచ్చు, వదిలెయ్యండి.
- మూడు నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చడం. బాగుపడినా ఏది పని చేసిందో తెలీదు.
- నాటర్ అంతా గ్రీజ్ పుయ్యడం. గ్రీజ్ నిపుల్స్ కి రోజూ కొట్టండి, బయటికొచ్చింది తుడిచెయ్యండి, లేదంటే దుమ్ము అంటుకుని రుబ్బుడు రాయి పని చేస్తుంది. డిస్క్ మీద, హోల్డర్ మీద గ్రీజ్ ఉంటే దారం జారుతుంది.
- బిల్‌హుక్ ఒక్కటే కొత్తది వేసి పాత నాలుక, పాత రోలర్ ఉంచడం. ఒకదానితో ఒకటి కలిసి అరిగినవి, జతగా మార్చండి.
- సీజన్ అయ్యాక అలాగే షెడ్డులో పెట్టెయ్యడం. వానాకాలం తేమకి బిల్‌హుక్, డిస్క్ తుప్పెక్కుతాయి. శుభ్రం చేసి, గ్రీజ్ రాసి, కవర్ కట్టి పెట్టండి. మళ్ళీ తీసేటప్పుడు ఆ గ్రీజ్ పూర్తిగా తుడిచాకే దారం ఎక్కించండి.

11. రోజువారీ చెక్‌లిస్ట్

పొలంలోకి వెళ్ళేముందు:

- నాటర్లు ఊది శుభ్రం చెయ్యడం, దారం ముక్కలు తియ్యడం
- గ్రీజ్, తర్వాత తుడవడం
- కత్తి పదును
- దారం పెట్టెలో ఉండలు, అతుకులు, బిగువు
- సూదులు తమ చోట ఉన్నాయా, వంగాయా
- బ్రేక్ లైనింగ్ పొడిగా ఉందా

మధ్యాహ్నం ఆగినప్పుడు ఒక్కసారి ఊదండి, దుమ్ము ఎక్కువున్న మడిలో అయితే ఇంకోసారి.

బండిలో ఉండాల్సినవి: కంపెనీ చెప్పిన గ్రేడ్ షియర్ బోల్టులు పది పదిహేను, ఒక కత్తి, నాలుక, దాని రోలర్, పిన్ను, స్ప్రింగ్, వీలైతే ఒక పూర్తి బిల్‌హుక్ సెట్టు, ఒక సూది, సన్నటి ఎమరీ పేపర్, పదును రాయి, మార్కర్, ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలచటి రేకులు), దారం ముక్కలు లాగడానికి సన్నటి కొక్కెం. కోతల టైంలో బిల్‌హుక్ కోసం జిల్లా కేంద్రానికి వెళ్తే ఆ రోజు పోయినట్టే, ఒక్కోసారి స్టాక్ ఉండదు, పార్శిల్ లో తెప్పించాలి. ఆర్డర్ పెట్టేటప్పుడు మిషన్ మోడల్, సీరియల్ నంబర్, నాటర్ మీద పోత పోసి ఉండే నంబర్ మూడూ ఫోటో తీసి పంపండి, ఎందుకంటే ఒకే మోడల్ లో కూడా ఏడాదిని బట్టి నాటర్ మారి ఉండొచ్చు, కొలత కొంచెం తేడా ఉన్న బిల్‌హుక్ బిగించేదాకా బానే ఉన్నట్టుంటుంది, ముడి మాత్రం పడదు.